విడుదల తర్వాత పద్దు ఎవరి చేతిలో?

పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో బానిసత్వ నిర్మూలన గురించి, వెట్టి గురించి, నేటి ఇటుక బట్టీల గురించి అడిగినవి ఎక్కువగా ఉన్నందున ఈసారి శీర్షికను పూర్తిగా వాటికే కేటాయిస్తున్నాం. రాసినవారి పేర్లు ప్రచురించడం లేదు. ఊరు, వృత్తి మాత్రమే ఇస్తున్నాం.

ప్రశ్న: లింకన్ 1863లో అమెరికాలోని బానిసలందరినీ విడుదల చేశాడని చదువుకున్నాం. అలాంటప్పుడు హక్కుల కోసం వాళ్లు మరో వందేళ్లు ఎందుకు పోరాడవలసి వచ్చింది? విడుదలైన మర్నాటి నుంచి చట్టం వాళ్లకు ఏమిచ్చింది?
– డిగ్రీ విద్యార్థిని, హనుమకొండ

జవాబు: మీరు చదువుకున్నది సగం నిజం. 1863 జనవరి 1 నాటి లింకన్ ప్రకటన, అప్పటి అంతర్యుద్ధంలో తిరుగుబాటు పక్షాన ఉన్న దక్షిణాది ప్రాంతాలలోని బానిసలకు మాత్రమే వర్తించింది. యూనియన్‌ను, అంటే కేంద్ర ప్రభుత్వ పక్షాన్ని, విడిచిపోని డెలావేర్, మేరీలాండ్, కెంటకీ, మిస్సోరీ రాష్ట్రాలలోని బానిసలు దాని పరిధిలోకి రాలేదు. తిరుగుబాటు రాష్ట్రాలలోనైనా సైన్యం అడుగుపెట్టిన చోటనే ఆ ప్రకటన అమలైంది. టెక్సాస్‌లోని గాల్వెస్టన్‌లో విడుదల ఉత్తర్వు వెలువడింది 1865 జూన్ 19న. దేశమంతటా బానిసత్వం రద్దయింది 1865 డిసెంబరు 6న ఆమోదం పొందిన 13వ రాజ్యాంగ సవరణతో. ఆ సవరణలో సైతం ‘నేరానికి శిక్షగా తప్ప’ అన్న మినహాయింపు ఒకటి మిగిలిపోయింది. దక్షిణాది రాష్ట్రాలు దానిని ఎలా వాడుకున్నాయో ముందు ముందు చెబుతాను.

‘మర్నాటి నుంచి’ అని అడిగారు కనుక మొదట ఇంటి సంగతి. బానిసగా ఉన్నంత కాలం వారి పెళ్లికి చట్టం దృష్టిలో విలువ లేదు. భర్తను ఒకరికి, భార్యను మరొకరికి, బిడ్డలను ఇంకొకరికి అమ్ముకునే అధికారం యజమానికి ఉండేది. విడుదలయ్యాక వేలాది జంటలు ఎన్నో ఏళ్ల కిందటి తమ పెళ్లిళ్లను అధికారికంగా నమోదు చేయించుకున్నాయి. ఎప్పుడో అమ్ముడుపోయిన తల్లి ఆచూకీ కోసం, తమ్ముడి ఆచూకీ కోసం పత్రికలలో దశాబ్దాల పాటు ప్రకటనలు వెలువడ్డాయి. బానిసలకు చదువు చెప్పడమే నేరంగా ఉండిన రాష్ట్రాలలో బడులు తెరుచుకున్నాయి. 1865 మార్చిలో ఏర్పడిన ఫ్రీడ్‌మెన్స్ బ్యూరో అనే ప్రభుత్వ విభాగం ఆ బడులకూ, కూలి ఒప్పందాలకూ కొంత అండగా నిలిచింది గాని, 1872లో దానిని మూసివేశారు.

పని విషయంలో మాత్రం పాత పెత్తనమే వేరే దారిన వచ్చింది. 1865 చివరలోనే మిసిసిపీ, సౌత్ కరోలినా రాష్ట్రాలు ‘బ్లాక్ కోడ్స్’ అనే చట్టాలు చేశాయి. మిసిసిపీ చట్టం ప్రకారం విడుదలైన ప్రతి మనిషి ఏటా జనవరిలో తనకు ఫలానా చోట నివాసమో పనో ఉందని రాతపూర్వకంగా ఆధారం చూపాలి. ఏడాది ఒప్పందాన్ని మధ్యలో వదిలిపోతే అప్పటిదాకా చేసిన పనికి రావలసిన కూలి పోతుంది, పైగా ఎవరైనా పట్టుకొచ్చి యజమానికి అప్పగించవచ్చు. పట్టణాల వెలుపల భూమి కౌలుకు తీసుకోవడానికి వీల్లేదు. పని లేకుండా తిరుగుతున్నాడని తేలితే జరిమానా, అది కట్టలేకపోతే కట్టినవాడి దగ్గర చాకిరీ చేసి తీర్చాలి. తల్లిదండ్రులు పోషించలేరని కోర్టు తేల్చిన పిల్లలను పనికి అప్పగించేటప్పుడు పాత యజమానికే మొదటి అవకాశం ఇవ్వాలని ఆ చట్టంలోనే రాసుకున్నారు.

దీనికి విరుగుడుగా అమెరికా కాంగ్రెస్ 1866లో పౌరహక్కుల చట్టం చేసింది. ఒప్పందం చేసుకోవడం, దావా వేయడం, కోర్టులో సాక్ష్యం చెప్పడం, ఆస్తి కొనడం, అమ్మడం తెల్లవారితో సమానంగా అందరికీ హక్కులని ఆ చట్టం ప్రకటించింది. పౌరసత్వాన్నీ చట్టం ముందు సమానత్వాన్నీ 14వ సవరణ 1868లో ఇచ్చింది. ఓటు విషయంలో రంగును బట్టి వివక్ష చూపరాదని 15వ సవరణ 1870లో శాసించింది. అదే ఏడాది మిసిసిపీ నుంచే హైరమ్ రెవెల్స్ అనే నల్లజాతీయుడు సెనేట్‌లో కూర్చున్నాడు. అయితే 1877 నాటి రాజకీయ రాజీతో దక్షిణాదిలో కేంద్ర సైన్యపు రక్షణ తొలగిపోయింది. 1896లో సుప్రీంకోర్టు ‘వేరుగా ఉంచినా సమానమే’ అన్న వాదాన్ని ఆమోదించింది. 1964 నాటి పౌరహక్కుల చట్టం, 1965 నాటి ఓటు హక్కు చట్టం వచ్చేదాకా ఆ సవరణలు చాలా చోట్ల అక్షరాలుగానే ఉండిపోయాయి.

ఇంతకన్నా ముఖ్యమని నాకు తోచేది భూమి సంగతి. 1865 జనవరిలో యూనియన్ సేనాని జనరల్ షెర్మన్ ఒక ఉత్తర్వు ఇచ్చి, తీరప్రాంతంలో స్వాధీనం చేసుకున్న భూములను కుటుంబానికి 40 ఎకరాలకు మించకుండా పంచమన్నాడు. సుమారు 40,000 మంది ఆ భూముల్లో కుదురుకున్నారు. లింకన్ హత్య తర్వాత అధ్యక్షుడైన ఆండ్రూ జాన్సన్ అదే ఏడాది వాటిలో చాలా భాగాన్ని పాత యజమానులకు తిరిగి ఇప్పించాడు. భూమి లేక, చేతిలో పెట్టుబడి లేక చాలామంది మళ్లీ అదే పత్తి చేలలో పాలికి దిగారు. విత్తనం నుంచి తిండిగింజల దాకా అరువిచ్చిన వ్యాపారికి పంట మీద మొదటి హక్కు ఉండేది. మందు బస్తాలు అరువిచ్చిన దుకాణదారుకే పత్తి తూకం వేసి, అతడు రాసిన ధరకు తలూపి వచ్చే మన వరంగల్ పల్లెల రైతుకు ఈ పద్ధతి విడమరచి చెప్పనక్కరలేదు. అక్కడ మాత్రం పద్దు రాసేవాడి మాట మీద కోర్టుకెక్కినా, తెల్లవారే కూర్చునే జ్యూరీ ముందు గెలిచే ఆశ ఉండేది కాదు.

అలబామాలో అలాంజో బెయిలీ అనే కూలీ 15 డాలర్లు అడ్వాన్సు తీసుకొని, నెలకు 12 డాలర్ల చొప్పున ఏడాది పనికి ఒప్పుకున్నాడు. నెల దాటిన కొద్దిరోజులకే మానేశాడు. అడ్వాన్సు తీర్చకుండా పని మానేస్తే మోసం చేసే ఉద్దేశంతోనే ఒప్పుకున్నట్టు భావించాలని ఆ రాష్ట్ర చట్టం చెప్పేది. తన ఉద్దేశం అది కాదని అతడు సాక్ష్యం చెప్పుకోవడానికి సైతం అక్కడి నియమాలు ఒప్పుకోలేదు. 1911లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టివేసింది. అప్పటికి 13వ సవరణ వచ్చి 45 ఏళ్లు గడిచాయి. ఇక ‘నేరానికి శిక్షగా’ అన్న మినహాయింపు మాటున రాష్ట్రాలు ఖైదీలను గనులకూ తోటలకూ కిరాయికి ఇచ్చి ఆదాయం సంపాదించాయి. చిన్న నేరాలకే నల్లవారిని జైళ్లకు తోలడం వెనుక ఈ ఆదాయం కూడా ఉంది.

ప్రశ్న: బానిసత్వం రద్దయినప్పుడు నష్టపరిహారం బానిసలకు కాక యజమానులకు ఇచ్చారని ఒక ఉపన్యాసంలో విన్నాను. నమ్మబుద్ధి కావడం లేదు. నిజమేనా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, జనగామ

జవాబు: నిజమే, మాస్టారూ. బ్రిటిష్ పార్లమెంటు 1833లో చేసిన చట్టం 1834 ఆగస్టు 1 నుంచి అమలులోకి వచ్చింది. దాని కింద యజమానులకు 2 కోట్ల పౌండ్లు చెల్లించారు. అందుకోసం చేసిన అప్పు తాలూకు చివరి బకాయి తీరింది 2015లో. విడుదలైనవారికి ఒక్క పెన్నీ ముట్టలేదు సరికదా, ఆరేళ్లు నిండినవారంతా ‘అప్రెంటిస్’ అనే పేరుతో వారానికి 45 గంటల దాకా పాత యజమానికి జీతం లేకుండా పనిచేయాలన్న షరతు పెట్టారు. నిరసనలు పెరిగి 1838 ఆగస్టు 1న ఆ షరతు ముగిసింది. తర్వాత చెరకు తోటలకు మనుషులు కావలసి వచ్చినప్పుడు మన దేశపు కూలీలను ఒప్పంద పత్రాల మీద ఓడలెక్కించారు. మారిషస్‌లో నేటికీ ఉన్న తెలుగువారిలో చాలామంది పూర్వీకులు అలా వెళ్లినవారే. విముక్తి చరిత్రలో మన తెలుగు కూలీకి కూడా ఒక అధ్యాయం ఉన్నదని మనం అంతగా గుర్తు పెట్టుకోము.

అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో 1862 ఏప్రిల్‌లో బానిసలను విడిపించినప్పుడు, ప్రభుత్వానికి విధేయులైన యజమానులకు మనిషికి 300 డాలర్ల దాకా ఇచ్చారు. విడుదలైనవారికీ 100 డాలర్ల దాకా ఇవ్వజూపారు, అయితే దేశం విడిచి హైతీకో లైబీరియాకో వెళ్లిపోయేటట్టయితేనే. బానిసలే తిరగబడి స్వతంత్రం తెచ్చుకున్న హైతీని ఫ్రాన్స్ 1825లో యుద్ధనౌకలతో బెదిరించి 15 కోట్ల ఫ్రాంకుల పరిహారానికి ఒప్పించింది. ఆ మొత్తాన్ని 1838లో 9 కోట్లకు తగ్గించారు గాని, ఆ దేశం దాని కోసం చేసిన అప్పులు తరాలపాటు వెంటాడాయి.

ఎదురు లెక్క అడిగినవారు కూడా ఉన్నారు. టెన్నెసీలో బానిసగా బతికి ఒహాయో చేరిన జోర్డన్ ఆండర్సన్‌ను, తిరిగి పనికి రమ్మని పాత యజమాని 1865లో పిలిచాడు. జోర్డన్ జవాబుగా పంపిన ఉత్తరంలో తన 32 ఏళ్ల చాకిరీకీ, తన భార్య 20 ఏళ్ల చాకిరీకీ కూలి లెక్కకట్టి, 11,680 డాలర్లు ముందు పంపితే మీ నిజాయితీ తేలుతుందని ఎంతో మర్యాదగా రాయించాడు. డబ్బు రాలేదు. హెన్రియెట్టా వుడ్ అనే స్త్రీ మాత్రం కోర్టుకే వెళ్లింది. ఒకసారి చట్టప్రకారం విడుదలైన తనను 1853లో ఎత్తుకుపోయి మళ్లీ అమ్మించిన వ్యక్తి మీద 1870లో దావా వేసి, 1878లో 2,500 డాలర్ల తీర్పు గెలిచింది. ఆమె చేతిలో మొదటి విడుదల తాలూకు కథ, దాన్ని ఉల్లంఘించిన మనిషి పేరు ఉన్నాయి కనుక ఆ దావా నిలిచింది. పుట్టుకతో బానిసలై, చట్టబద్ధంగానే చాకిరీ చేయించుకోబడిన లక్షలాది మందికి ఆ దారి లేదు.

ప్రశ్న: ఇంగ్లీషువాళ్లు 1843లోనే మన దేశంలో బానిసత్వాన్ని రద్దు చేశారంటారు. మా తాత మాత్రం దొర దగ్గర భగేలాగా బతికాడు. మా నాన్న చిన్నతనంలో కూడా గడిలో వెట్టి చేశాడు. ఈ రెండూ ఎలా పొసుగుతాయి?
– చిన్న వ్యాపారి, జగిత్యాల

జవాబు: 1843 నాటి 5వ చట్టం ఎవరినీ విడుదల చేయలేదు. మనిషిని ఆస్తిగా భావించి వేసే దావాలను ఈస్టిండియా కంపెనీ కోర్టులు గుర్తించవని మాత్రమే చెప్పింది. మనుషులను బానిసలుగా కొనడం, అమ్మడం శిక్షార్హమైన నేరమైంది 1860 నాటి శిక్షాస్మృతితో. అదీగాక మీ తాతగారు ఉన్నది నిజాం రాజ్యంలో, అక్కడ కంపెనీ చట్టానికి అమలు లేదు.

మన వైపు ఉన్నది సంతలో కొనుగోలు చేసే బానిసత్వం కాదు. కులానికొక చాకిరీ కట్టి కూలి లేకుండా చేయించుకోవడం వెట్టి. అప్పు కింద మనిషి ఏళ్ల తరబడి, ఒక్కోసారి తండ్రి తర్వాత కొడుకు, దొర ఇంటికి కట్టుబడి ఉండడం భగేలా. దొర బిడ్డకు పెళ్లయితే ఆమె వెంట అత్తవారింటికి ‘ఆడబాప’ను పంపే ఆచారాన్ని మాత్రం బానిసత్వం అనక వేరే మాట అనడానికి నాకు నోరు రాదు. భగేలా ఒప్పందాల మీద నిజాం ప్రభుత్వం 1936లో ఒక చట్టం తెచ్చింది. ఆ పద్ధతిని నిర్మూలించకుండా దానికి హద్దులు గీయబోయిన చట్టం అది. హద్దు దాటిన దొర మీద ఫిర్యాదు చేయవలసింది అతని అప్పు కింద ఉన్న మనిషి, ఊళ్లో ఫిర్యాదు వినవలసిన పటేలు, పట్వారీలు దొర మాట జవదాటనివారు. విసునూరు దేశ్‌ముఖ్ పెత్తనం మీద కడవెండిలో జనం తిరగబడి, 1946 జూలై 4న దొడ్డి కొమరయ్య ప్రాణం పోయేదాకా పరిస్థితి వెళ్లింది. సాయుధ పోరాటం సాగిన పల్లెల్లో వెట్టి ఆగింది చట్టం వల్ల కాదు, జనం సంఘం అని పిలుచుకున్న ఆంధ్ర మహాసభ వల్ల.

1950లో రాజ్యాంగం 23వ అధికరణం ద్వారా బేగారునూ (కూలి లేని చాకిరీ) బలవంతపు చాకిరీనీ నిషేధించింది. దానికి శిక్షలు నిర్ణయించే చట్టం చేసే పని పార్లమెంటుకు వదిలింది. వెట్టిచాకిరి నిర్మూలన ఆర్డినెన్సు వచ్చింది 1975 అక్టోబరులో, చట్టం 1976లో. పాతికేళ్ల జాప్యానికి సరైన సమర్థన నాకు కనిపించదు. ఈలోగా 1950 నాటి హైదరాబాద్ కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదారులకు భూమి మీద హక్కు ఇచ్చింది. భగేలా అయితే కౌలుదారు కాడు, భూమి లెక్కలు రాసే పహాణీలో అతని పేరుండదు. దొర భూమిని తరాలుగా దున్నినవాడికే ఆ చట్టం వల్ల ఏమీ దక్కకపోవడం, అమెరికాలో 40 ఎకరాలు చేజారిన కథకు మన రూపం అని నా అభిప్రాయం.

మీ ఊరి పేరు ఈ చరిత్రలో మరోసారి వస్తుంది. చట్టం వచ్చిన రెండేళ్లకు, 1978 సెప్టెంబరు 7న, జగిత్యాలలో రైతుకూలీ సంఘాల జైత్రయాత్రకు వేలాది మంది కదిలారు. వారి డిమాండ్లలో వెట్టి రద్దు, కూలి పెంపు, దొరలు ఆక్రమించిన భూముల విడుదల ఉన్నాయి. మాట వినని దొరలకు చాకలి, మంగలి సేవలు బందు పెట్టారు. ఆ అక్టోబరులోనే ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. మీ నాన్నగారు వెట్టి చేసిన కాలం ఎప్పటిదో మీరు రాయలేదు గాని, అది 1976 తర్వాతి మాటే అయినా ఆశ్చర్యపడనక్కరలేదు.

ప్రశ్న: మా దగ్గర ఇప్పటికీ ఉగాదికి జీతం మాట్లాడుకొని ఏడాదికి మనిషిని పెట్టుకుంటాం, కొంత సొమ్ము ముందే ఇస్తాం. ఇది కూడా నేరమేనా?
– రైతు, హుజూరాబాద్

జవాబు: ఏడాదికి మాట్లాడుకోవడం, ముందు కొంత ఇవ్వడం తమంత తాము నేరం కావు. ఆ సొమ్ము కారణంగా అతడు మరోచోట పనికి పోలేకపోతే, ఊరు దాటలేకపోతే, బజారు కూలి అడగలేకపోతే, కనీస వేతనం కన్నా తక్కువకు పనిచేస్తే, అది వెట్టి కిందికి వస్తుంది. కనీస వేతనం కన్నా తక్కువ ఇచ్చి చేయించే పని కూడా 23వ అధికరణం నిషేధించిన బలవంతపు చాకిరీయేనని సుప్రీంకోర్టు 1982లో, ఢిల్లీ ఆసియా క్రీడల నిర్మాణ కూలీల కేసులో తేల్చింది. భగేలా, జీత, పాలేరు, వెట్టి అన్న పేర్లను 1976 చట్టం స్వయంగా పేర్కొని, అలాంటి బలవంతపు పద్ధతి ఉన్నచోట అప్పు ఒప్పందం ఉన్నట్టే సాధారణంగా భావించాలని చెప్పింది. కాబట్టి రోజు లెక్కన కనీస వేతనం పడుతున్నదో లేదో చూసుకోండి. అతడు మధ్యలో మానేస్తానంటే ఇచ్చిన సొమ్ము పేరు చెప్పి ఆపకండి.

ప్రశ్న: మా ఊరి దగ్గర ఇటుక బట్టీలో ఒడిశా కూలీలు ఇంటికి పోతామంటే, తీసుకున్న అడ్వాన్సు కట్టి పొమ్మంటున్నారు. వాళ్లు సంతకం పెట్టిన కాగితం ఉందట. వాళ్లు నిజంగానే బాకీ ఉన్నారు కదా, చట్టం ఏమంటుంది?
– నిరుద్యోగ యువకుడు, పెద్దపల్లి

జవాబు: వారిని ఆపి ఉంచడానికి ఆ కాగితం పనికిరాదు. చాకిరీతో తీర్చవలసిన అప్పు అయితే, 1976 చట్టం కింద ఆ ఒప్పందం చెల్లదు, అప్పు కూడా రద్దయిపోతుంది. రద్దయిన అప్పు కింద సొమ్ము పుచ్చుకోవడమే నేరం, దానికి మూడేళ్ల దాకా జైలు. అది వెట్టి అప్పు కాదని నిరూపించే భారం అప్పు ఇచ్చినవాడిదే, కూలీది కాదు. పైన చెప్పిన అలబామా చట్టం పని మానినవాడిని మోసగాడిగా భావించమంటే, మన చట్టం అడ్వాన్సు ఇచ్చినవాడిని రుజువు చూపమంటుంది. ఫరీదాబాద్ రాతి క్వారీల కూలీల కేసులో 1983 డిసెంబరులో ఇచ్చిన తీర్పులో సుప్రీంకోర్టు మరింత ముందుకు వెళ్లింది. బలవంతంగా చాకిరీ చేయిస్తున్నట్టు తేలితే, అడ్వాన్సు వంటి ప్రతిఫలం ముట్టినందువల్లనే వారు చేస్తున్నారని, కాబట్టి వారు వెట్టి కూలీలేనని ముందుగా భావించాలని, కాదని రుజువు చేసుకోవలసింది యజమాని లేక ప్రభుత్వమని చెప్పింది. వెట్టి చేయించినందుకు మూడేళ్ల దాకా జైలు, రూ. 2,000 దాకా జరిమానా ఉన్నాయి. ఆ జరిమానా 1976 నాటి రూపాయి లెక్క, నేటి బట్టీ యజమానిని అది భయపెడుతుందని నేను అనుకోను. కూలీలు ఎస్సీ, ఎస్టీలైతే అత్యాచారాల నిరోధక చట్టం కింద ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా జైలు పడవచ్చు, అది గట్టి శిక్ష.

మీరు కలెక్టరుకు గాని, ఆర్డీఓకు గాని రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వవచ్చు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ బేగారు బాధితులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది. ఒకటి మాత్రం జాగ్రత్తగా చూడండి. ఇలాంటి చోట్ల అధికారులు వచ్చి, బకాయి కూలి ఇప్పించి, కూలీలను రైలెక్కించి, అంతా రాజీ అయిందని రాసుకొని పోవడం సులువైన దారి. విడుదల ధ్రువపత్రం ఇవ్వకపోతే, వారు వెట్టి నుంచి విడుదలైనట్టు చూపడానికీ, పునరావాస సాయానికీ ఆధారం ఉండదు. ఆ పత్రం ఉంటే తక్షణ సాయంగా రూ. 30,000 దాకా అందుతుంది. ఆ తర్వాత వయోజన పురుషునికి రూ. 1 లక్ష, స్త్రీలకు, పిల్లలకు రూ. 2 లక్షలు, మనుషుల అక్రమ రవాణా వంటి ఘోరమైన సందర్భాలలో రూ. 3 లక్షలు ఇవ్వాలని కేంద్ర పథకం చెబుతుంది. ఈ పెద్ద మొత్తాలు కేసు తేలడంతో ముడిపడి ఉంటాయి కనుక ఆలస్యమవుతాయి. విడిపించి వదిలేస్తే మనిషి మళ్లీ వెట్టిలోకే జారిపోతాడని, పునరావాసం వెంటనే జరగాలని సుప్రీంకోర్టు 1984లోనే హెచ్చరించింది.

వాంగ్మూలం రాసేటప్పుడు మీరు దగ్గరుంటే ఒక పని చేయండి. ఒడిశా నుంచి వచ్చే బట్టీ కూలీలను చాలాచోట్ల భార్యాభర్తలూ పిల్లలూ కలిపి ఒకే జట్టుగా లెక్కిస్తారు, అడ్వాన్సు మగవాడి పేరు మీదే రాస్తారు. అధికారి కూడా అదే చిట్టా చూసి ఇంటికొక పేరు రాసుకుంటే, మట్టి కలిపిన భార్యకూ ఇటుకలు తిరగేసిన బిడ్డకూ విడుదల పత్రం రాదు. ప్రతి మనిషి పేరూ, వయసూ, చేసిన పనీ విడివిడిగా రాయించి, పత్రాలు కూడా విడివిడిగా అడగమనండి.